ఆరుంబావు గోలీ

దసరా పోయిన వారానికి సికింద్రాబాద్ నుంచి నగేశ్ అంకుల్ ఫోన్ చేశాడు. ఆదివారం పొద్దున. బాపు వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన చేతిలో ఫోను ఆగదు కాబట్టి స్పీకర్ పెట్టి నేనే పట్టుకున్నాను.

“యాకూబు భాయ్, ఈసారి డాన్స్ కామారెడ్డిలనే. నువ్వు రాలేవని మేమే వస్తున్నం. స్టేషన్ పక్కపొంటే హాలు మాట్లాడినం. క్రిస్మస్ అయినంక మొదటి శనివారం. పాటలు మాత్రం నువ్వే ఏరాలె.”

మాట బయటికి రావడానికి బాపుకు టైం పట్టేది.

“ముసలోళ్ళయిన్రు గదరా. ఏం ఆడతరు?”

“ఆడేటట్టు ఏరు మరి!” నవ్వి ఫోను పెట్టేశాడు అంకుల్.

మా బాపు గూడ్సు బండి గార్డుగా రిటైరయ్యాడు. నౌకరీ అంతా సికింద్రాబాద్‌లోనే. అక్కడ రైల్వే వాళ్ళ క్లబ్బులో నెలకొక శనివారం జంట డాన్సులు ఉండేవి. ఆడా మగా చెయ్యి పట్టుకుని, భుజం మీద చెయ్యి వేసుకుని, హాలంతా గుండ్రంగా తిరుగుతూ ఆడేవి. వాల్ట్జ్, ఫాక్స్‌ట్రాట్, చా-చా. ఒక పాట అయిపోగానే జంటలు మారతాయి. బాపు ఆ ఆట నేర్చుకుని, కొన్నాళ్ళకు పాటలు ఏరే మనిషి కూడా అయ్యాడు. రిటైరయ్యాక మేం అమ్మ వాళ్ళ ఊరు ఎల్లారెడ్డి వచ్చేశాం. నగేశ్ అంకుల్ లాంటి ఆ క్లబ్బు స్నేహితులు మాత్రం ఏడాదికోసారి ఎక్కడో ఒక హాలు తీసుకుని కలుస్తూనే ఉన్నారు.

మూడేళ్ళ కిందట బాపుకు వణుకు మొదలైంది. కామారెడ్డి డాక్టరు పార్కిన్సన్స్ అన్నాడు. వణుకు కంటే నడక పెద్ద కష్టం. బాగానే నడుస్తూ నడుస్తూ గడప దగ్గరికి రాగానే కాళ్ళు నేలకు అతుక్కుపోయేవి. నడుము పైభాగం ముందుకు వంగేది, కాలు కదిలేది కాదు. లెక్క పెడుతూ నడిపించండి, పాట పెడితే ఇంకా మంచిది, అని డాక్టరు చెప్పాడు. లెక్క పెట్టే పని అమ్మది. మా అమ్మ పేరు హన్మవ్వ. నేను అవ్వా అనే పిలుస్తాను. ఆమె వెనక నిలబడి “ఒకటి, రెండు… ఒకటి, రెండు… లేపు కాలు” అనేది. ఆయన లేపేవాడు.

అంకుల్ ఫోన్ వచ్చిన రోజు నుంచి ఇంట్లో పాటలే. నేను తహసీల్ ఆఫీసు నుంచి రాగానే లాప్‌టాప్ తీసుకుని బాపు పక్కన కూర్చునేదాన్ని. పాత హిందీ పాటలు, వాయిద్యాలు మాత్రమే ఉన్న ఇంగ్లీషు పాటలు, మూడు వందల దాకా పోగుచేశాను. ఇరవై రెండు ఏరాలి.

మొదటి వారం ఆయనకు ఒక్కటీ నచ్చలేదు.

“తియ్యి.”

“మంచిగుంది గద బాపూ. ఎంత తియ్యగ పాడింది.”

“వినుటానికి మంచిగున్నది. ఆడుటానికి కాదు. ఆమె రాగం తీసుకుంట తాళాన్ని ఆపుతుంది చూడు. గప్పుడు కాలు గాలిల ఉంటది. ఏడ పెట్టాలె?”

ఇంకొకటి పెడితే మొదట్లో వాయిద్యం నిమిషం సాగిందని తీసేశాడు. ఆ నిమిషం అంతా జంటలు చేతులు పట్టుకుని బొమ్మల్లా నిలబడాల్సి వస్తుందట. ఇంకొకటి నడుమ వేగం పెరిగిందని. మూడు నిమిషాలు దాటకూడదు. రెండు జోరు పాటలు పక్కపక్కన ఉండకూడదు. చా-చా తర్వాత మెల్లటిది పడాలి, మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు ఊపిరి తీసుకోవాలి. ఉమారాణి ఆంటీకి, అంటే నగేశ్ అంకుల్ భార్యకు, కిందటేడు తుంటి ఆపరేషన్ అయింది కాబట్టి గట్టిగా తిరిగే పాటలు రెండే ఉండాలి. ఆయన ఒక్కొక్క పాటకు ఒక్కొక్కరి కాళ్ళను గుర్తుచేసుకుంటున్నాడని నాకు అప్పుడు అర్థమైంది.

“మరి ఇది సరిపోతదని నీకెట్ల తెలుస్తది?” అని అడిగాను.

“నా కాలుకు తెలుస్తుండె.” ఆయన కిందికి చూసుకున్నాడు. “ఇప్పుడు దీన్ని నమ్మబుద్ధి అయితలేదు.”

మరుసటి రోజు వంటింట్లోంచి అమ్మను పిలిచాడు. “హన్మవ్వా, ఇటు రా. జర గీ పాటకు గా గోడ దాకా నడువు.”

“పొయ్యి మీద కూర ఉన్నది.”

“మూడు నిమిషాలే.”

“నాకు డాన్సులు రావయ్యా. నీకు ఎరుకే గద.”

“డాన్సు గాదు. ఉత్తగ నడువు.”

అమ్మ కొంగు దోపుకుని, గొణుక్కుంటూ, వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. బాపు ఆమె పాదాలనే చూశాడు. ఆమెకు తాళం సంగతి తెలియదు. అయినా మంచి పాటకు ఆమె కాలు దానంతట అదే సరిగ్గా పడేది, చెడ్డ పాటకు తడబడేది. తడబడితే బాపు “తియ్యి” అనేవాడు. అలా నవంబరు మొదటి వారానికి ఇరవై ఒక్క పాటలు తేలాయి.

“ఆఖరుకు ఏది బాపూ?”

బాపు లాప్‌టాప్ వైపు చూశాడు.

“ఆఖరుది వాల్ట్జ్ ఉండాలె అంటివి గద. ఏది పెట్టాలె?”

“నాకు తెల్వదు.”

“ముప్పై ఏండ్లు ఆడినవు. తెల్వదంటవేంది?”

“ఆఖరు వాల్ట్జ్ నేనెన్నడు ఆడలే.” ఆయన కళ్ళు లాప్‌టాప్ మీదే ఉన్నాయి. “అన్ని పాటలు ఎవలతోటన్న ఆడొచ్చు. ఆఖరుది ఎవల పెండ్లాంతోటి వాళ్ళు ఆడాలె. గది పద్ధతి. మీ అవ్వ ఆడకపాయె. నేను పోయి ఆమె పక్కపొంటి కుర్చీల కూసునేది.”

అమ్మ గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పెళ్ళయిన కొత్తలో బాపు ఆ క్లబ్బుకు తీసుకెళ్ళి, పరాయి మగవాడి చెయ్యి పట్టుకుని తిరగమంటే ఏడ్చి ఇంటికొచ్చిందట. తర్వాత ప్రతిసారీ వెళ్ళింది కానీ గోడవారగా కూర్చునే ఉంది, అందరు ఆడవాళ్ళ సంచులూ ఒళ్ళో పెట్టుకుని. బాపు ఉమారాణి ఆంటీతో ఆడిన రోజు ఇంటికొచ్చి రెండు రోజులు మాట్లాడేది కాదని నాకు చిన్నప్పటి జ్ఞాపకం.

“అలిసిపోయి కూసుంటున్నవనుకున్న,” అంది అమ్మ, చిక్కుడుకాయ మీంచి తలెత్తకుండా. “ఎన్నడన్న చెప్పినవా?”

“నువ్వు అడిగినవా?”

మరునాడు పొద్దున చాయ్ ఇస్తూ అమ్మ అంది: “గా తిరుగుడు జర నాకు చూపెట్టు. ఎట్లనన్న చేస్త. ఆఖరు పాటకు మాత్రమే, సమజైందా? మిగిలిన వాటికి నన్ను పిలవద్దు.”

ముందు గదిలో మంచం పక్కకు జరిపాం. బాపు చెయ్యి ఆమె వీపు మీద, ఆమె చెయ్యి ఆయన భుజం మీద. ఇద్దరికీ సిగ్గే. నన్ను బయటికి పొమ్మన్నారు. నేను కిటికీ పక్కన నిలబడి విన్నాను. “ఒకటి, రెండు, మూడు… ఇప్పుడు నీ కుడి కాలు ఎనకకు…” అంటున్నాడు బాపు. “ఎనకకు ఏందయ్యా, గోడ ఉన్నది!” అమ్మ నవ్వడం వినపడింది. ఆమె గట్టిగా నవ్వి ఎన్నాళ్ళయిందో.

డాక్టరు రాసిచ్చిన గోలీ వేసుకున్న ముప్పావు గంటకు బాపు శరీరం ఆయన మాట వినేది. వణుకు ఆగేది, కాలు లేచేది, ముఖంలో కూడా కదలిక వచ్చేది. అది గంటన్నర ఉండేది. తర్వాత మళ్ళీ బిగిసేది. నవంబరు నడుమ కొన్ని సాయంత్రాలు ఆయన పాట మొత్తం ఒక్కసారి కూడా అతుక్కోకుండా ఆడాడు. డిసెంబరు వచ్చేసరికి గంటన్నర కాస్తా గంటంబావు అయింది. నేను కాగితం మీద రాసిపెడుతున్నాను కాబట్టి నాకు తెలుసు. కాగితం కామారెడ్డి తీసుకెళ్ళి డాక్టరుకు చూపించాను.

“పెంచొచ్చు. పెంచితే లేనిపోని కదలికలు మొదలవుతాయి. కళ్ళు తిరిగి పడిపోనూ వచ్చు,” అన్నాడు. “ఈ జబ్బు ఇలాగే ఉంటుందమ్మా.”

నాలుగు గంటల లోపల ఇంకో గోలీ ఇవ్వొద్దని కూడా గట్టిగా చెప్పాడు. బస్సులో ఎల్లారెడ్డి తిరిగొస్తూ నేను లెక్క వేశాను. ఇరవై రెండు పాటలు, అరవై ఆరు నిమిషాలు. ఆరుంబావుకు గోలీ, ఏడింటికి మొదటి పాట, ఎనిమిదీ ఆరుకు ఆఖరుది కూడా అయిపోతుంది. ఎనిమిదింబావు దాకా బాపు బాపులా ఉంటాడు. తొమ్మిది నిమిషాలు చేతిలో ఉన్నాయి. నగేశ్ అంకుల్‌కు మూడుసార్లు ఫోన్ చేశాను.

“ఏడంటే ఏడింటికి షురూ కావాలె అంకుల్.”

“తప్పకుండా బిడ్డా. రైల్వేల పనిచేసినోళ్ళం, మాకు చెప్తవా!”

ఆ శనివారం వాళ్ళు మధ్యాహ్నం రైలుకే దిగారు. పధ్నాలుగు మంది. కామారెడ్డిలో ఉండే పాత క్లబ్బు వాళ్ళు ఇంకో రెండు జంటలు. హాలులో కుర్చీలు గోడలకు జరిపి నడుమంతా ఖాళీ చేశారు. బాపు బూడిదరంగు కోటు వేసుకున్నాడు. అమ్మ క్రిస్మస్‌కు కొన్న నీలం చీర కట్టుకుంది. ఆఖరు పాటకు ఆడబోతున్నట్టు ఎవరికీ చెప్పలేదు. ఆరుంబావుకు పక్క గదిలో గోలీ వేశాను. ఏడింటికి అయిదు నిమిషాలు తక్కువగా ఆయన నా చెయ్యి పట్టుకోకుండా లేచి హాలులోకి నడిచొచ్చాడు. నేను లాప్‌టాప్ దగ్గర కూర్చుని మొదటి పాట మీద వేలు పెట్టుకున్నాను.

నగేశ్ అంకుల్ మైకు తీసుకున్నాడు.

“పాటలకు ముందుగాల ఒక్క చిన్న కార్యక్రమం. మన యాకూబు భాయ్‌కి సన్మానం!”

అందరూ చప్పట్లు కొట్టారు. అది మాకు తెలియకుండా దాచిన సంతోషమట. బాపును వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టారు. శాలువా కప్పారు. దండ వేశారు. తర్వాత ఒక్కొక్కరూ మైకు తీసుకున్నారు. వాన రాత్రి బండి ఆగిపోతే ఆయన అందరికీ చాయ్ పంచిన సంగతి ఒకరు. ఒకాయన తన కొడుకు నౌకరీకి బాపు ఎంత తిరిగాడో చెబుతూ ఏడ్చాడు. మనిషికొక శాలువా తెచ్చారు. ఏడుంబావు అయింది. ఏడున్నర అయింది.

నేను లేచి వెళ్ళి నగేశ్ అంకుల్ చెవిలో చెప్పాను. “అంకుల్, గోలీ టైం పోతున్నది.”

“రెండే నిమిషాలమ్మా. ఇంకో నలుగురున్నరు. గింత దూరం వచ్చి మీ బాపు గురించి రెండు మాటలు చెప్పొద్దా?”

ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. ఏమనగలను? వాళ్ళు తిట్టడం లేదు. మా బాపును మెచ్చుకుంటున్నారు.

నేను మళ్ళీ వచ్చి కూర్చున్నాను. వేదిక మీద బాపు శాలువాల కింద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ చేతులు కదలడం లేదు. రెండేళ్ళలో అంత నిశ్చలంగా ఆ చేతులను నేను చూడలేదు. “యాకూబు మంచిగనే ఉన్నడు గదా,” అని ఉమారాణి ఆంటీ పక్కావిడతో అంటోంది. గోడవారగా అమ్మ నా వైపు చూసింది, తర్వాత గడియారం వైపు చూసింది.

ఉపన్యాసాలు ఏడూ యాభై అయిదుకు అయిపోయాయి.

బాపును కిందికి దింపుతున్నప్పుడు దగ్గరికి పోయి అడిగాను. “బాపూ, ఆఖరుది ముందుగాల పెడ్త.”

“వద్దు.”

“ఇరవై నిమిషాలే ఉన్నయి.”

“ఆఖరుది ఆఖరుకే. వరుస తప్పొద్దు జ్యోతీ.”

వరుస తప్పలేదు. కోత వేశాను. మొదటి పాట రెండు నిమిషాలకే తగ్గించి ఆపాను. రెండోదీ అంతే. వాళ్ళు ఎంత చక్కగా తిరుగుతున్నారో, పాట ఆగగానే అంత తెల్లబోయి నిలబడుతున్నారు. “ఏం జ్యోతీ, జర ఒంట్ల వేడి పుడ్తున్నది అంటే ఆపేస్తవు?” అంది ఉమారాణి ఆంటీ నవ్వుతూ. ఏడోది, ఎనిమిదోది తీసేశాను. పదకొండోది తీసేశాను. అప్పుడు బాపు తల తిప్పి నా వైపు చూశాడు. పదకొండోది పదమూడు రోజులు వెతికి పట్టుకున్న పాట. నేను తల దించుకుని ఇంకో రెండు తీసేశాను.

ఎనిమిదింబావుకు ఆయన కుడి బొటనవేలు కదలడం మొదలుపెట్టింది. నేను దాన్నే చూస్తూ పాటలు మార్చాను. ఎనిమిదీ ఇరవై అయిదుకు నగేశ్ అంకుల్ “ఆఖరు వాల్ట్జ్! ఎవల జోడి వాళ్ళు!” అని కేక వేశాడు.

బాపు లేవడానికి రెండుసార్లు ప్రయత్నించాడు. మూడోసారి లేచాడు. అమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఆయన ముందుకొచ్చి నిలబడింది. అక్కడున్న పాతవాళ్ళకు సంగతి అర్థమై ఒకరిద్దరు “అరె, హన్మవ్వ!” అన్నారు. నేను పాట పెట్టాను. వయొలిన్లు, నడుమ ఒక అకార్డియన్. పెదవులు కదలకుండా అమ్మ లెక్క పెట్టడం నాకు తెలుస్తోంది. బాపు ఎడమ కాలు ముందుకు వేశాడు. ఆమె కుడి కాలు వెనక్కి వేసింది. ఒక చుట్టు. ఇంకో సగం చుట్టు. ఆయన మెడ నిటారుగా ఉంది.

హాలు సరిగ్గా మధ్యలో ఆయన ఆగిపోయాడు.

కాలు అతుక్కుపోయింది. మోకాళ్ళు వణుకుతున్నాయి, పాదం మాత్రం లేవడం లేదు. అమ్మ లెక్క కొంచెం గట్టిగా చెప్పింది. ఇంకొంచెం గట్టిగా. మిగతా జంటలు వాళ్ళను తగలకుండా చుట్టూ తిరిగి పోతున్నాయి. అది వాళ్ళకు అలవాటైన మర్యాద. ఎవరైనా ఆగితే పక్కనుంచి పోవాలి, చూడకూడదు. ఎవరూ చూడలేదు. నా వేలు బటన్ మీద ఉంది. పాట ఆపితే అందరూ ఆగుతారు, అందరూ ఆయన వైపే తిరుగుతారు. ఆపకపోతే ఆయన ఇంకా రెండు నిమిషాలు అక్కడే నిలబడాలి.

నేను ఆపలేదు.

కాసేపటికి అమ్మ లెక్క మానేసింది. ఆయన చెయ్యి వదలకుండా, వీపు మీది చెయ్యి తీయనివ్వకుండా, అలాగే నిలబడింది. పాట అయిపోయింది. చప్పట్లు కొట్టారు. నగేశ్ అంకుల్ కుర్చీ తెచ్చాడు.

మరునాడు పొద్దున బాపు వరండాలో చాయ్ తాగలేదు. గ్లాసు పక్కన పెట్టాను.

“పదకొండోది ఎందుకు తీసేసినవ్?” అన్నాడు.

“టైం లేకుండె బాపూ.”

“గా పాట మీద నగేశు మంచిగ తిరుగుతడు. వానికోసమే పెట్టిన.”

“నీ కోసం తీసేసిన.”

ఆయన నన్ను చూడలేదు. “నా కోసం పద్దెనిమిది మంది కాళ్ళు ఆపుతవా?”

గిన్నెలు కడుగుతున్న అమ్మ దగ్గరికి పోయి, హాలు నడుమ అంతసేపు నిలబడి ఏమనుకున్నావవ్వా, అని అడిగాను.

“ఏమనుకుంట? మనిషి పడిపోకుంటె చాలు అనుకున్న,” అంది. “జర సేపైనంక గది గుడ అనుకోలే.”

జనవరిలో ఆయన వాకర్‌కు వచ్చాడు. డాక్టరు మోతాదు పెంచాడు. మంచి ఘడియలు గంటకు తగ్గాయి. తర్వాత నేను రాయడం మానేశాను. ముందు గదిలో మంచం మళ్ళీ పాత చోటికి జరిపాం. లాప్‌టాప్ ఆఫీసు పనికే తీస్తున్నాను. ఆయన పాట పెట్టమనలేదు, నేను అడగలేదు. గొంతు కూడా బాగా పడిపోయింది. చెవి దగ్గర పెడితే తప్ప నాకు వినపడదు. అమ్మకు మాత్రం వంటింట్లోంచి కూడా తెలుస్తుంది.

ఫిబ్రవరి ఆఖరులో నగేశ్ అంకుల్ ఫోన్ చేశాడు. వాళ్ళ పెళ్ళి రోజుకు సికింద్రాబాద్‌లో ఇంటి మేడ మీదే చిన్న డాన్స్ పెట్టుకున్నారట. పాటల వరుస కావాలి. బాపు మాట ఫోనులో వినపడదు. అమ్మ పక్కన కూర్చుని ఆయన నోటి దగ్గర చెవి పెట్టి, ఒక్కొక్కటే ఫోనులోకి చెప్పింది.

“మొదలు మెల్లటి ఫాక్స్‌ట్రాట్ అంటున్నడు… ఔ, ఫాక్స్‌ట్రాటే… దాని మీద వాల్ట్జ్, అకార్డియన్ది వద్దట, పియానోది… చా-చా రెండిటికంటె ఎక్కువ పెట్టకున్రి, ఉమారాణి తుంటి…”

ఆ మాటలన్నీ ఆమె నోటికి అలవాటైపోయాయి. అంకుల్ రాసుకుంటున్నాడు. అరగంట పట్టింది. బాపుకు అలుపు వచ్చి కళ్ళు మూసుకున్నాడు.

“మరి ఆఖరుది?” అన్నాడు అంకుల్.

అమ్మ ఆయన నోటి దగ్గర చెవి పెట్టింది. ఆయన ఏదో చెప్పాడు. ఒక పాట పేరు కంటే చాలా పొడుగ్గానే చెప్పాడు. ఆమె అలాగే వంగి ఉంది, ఆయన చెప్పడం అయిపోయాక కూడా. ఫోనులో అంకుల్ “హలో, హలో” అంటున్నాడు.

అమ్మ నిటారుగా కూర్చుని ఫోను చేతిలోకి తీసుకుంది.

“ఆఖరుది మీరే చూసుకోన్రి అన్నా,” అని పెట్టేసింది.